సున్నపు నేలలో పెరటి తోట: నడికుడి ఇళ్లకు ఒక పాఠం

ఇది దాచేపల్లి నగర పంచాయతీలోని నడికుడిలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంటి దగ్గర కూరగాయలు పెంచుకుంటున్న పొదుపు సంఘాల సభ్యుల కోసం, ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఉన్న కుటుంబాల కోసం. సెంటు ఖాళీ ఉన్నా, డాబా మీద నాలుగు పాత బకెట్లు మాత్రమే ఉన్నా మీకు పనికొస్తుంది. ఇంట్లో చదవలేని పెద్దవాళ్లుంటే పిల్లల చేత చదివించి వినిపించండి. మొక్కల సంగతి చాలాసార్లు వాళ్లకే ఎక్కువ తెలుసు.

మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయాన్ని రైతు సాధికార సంస్థ 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా నడిపిస్తోంది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. పొలం ఉన్నవాళ్లకే అనుకోకండి. పొలం లేని ఇళ్లలో పెరటి తోట వేయించడం కూడా ఇందులో భాగమే.

పెరటి తోట ఎందుకు అంటే ఒక్క అంకె చెబుతాను. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ సంఘంలో పదిమంది కూర్చుంటే అందులో ఐదారుగురు. తోటకూర, గోంగూర, మునగాకు రోజూ కంచంలోకి రావాలంటే అవి గుమ్మం పక్కనే ఉండాలి.

అలాగని ఇంటికి కావలసిన కూరగాయలన్నీ పెరట్లోనే పండుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కూరగాయలు, ఆకుకూరలు కలిపి మనిషికి రోజుకు 400 గ్రాములు తినమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి అది కిలో 600 గ్రాములు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. అందులోనే ఇల్లు, బాత్రూము, బండి పెట్టుకునే చోటు పోగా మిగిలేది కొంచెమే. ఆ కొంచెంలో ఆకుకూరలు, కరివేపాకు, పచ్చిమిర్చి, రెండు పాదులు వస్తాయి. అవి చాలు. అవి కూడా రాకుండా చేస్తున్నది ఏంటో ఇప్పుడు చూద్దాం.

మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి

సంఘం సమావేశాల్లో ఎక్కువగా వినబడే మాట ఇది: "సార్, మొక్క బాగానే లేచింది, నెలన్నరకల్లా ఆకులు పచ్చబడిపోయాయి. యూరియా వేశాం, ఇంకా పచ్చబడింది." వెంటనే విత్తనాల కొట్టువాణ్ణి తిట్టడం మొదలవుతుంది. పాపం, చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు. నేలది.

పల్నాడు అంటే నాపరాయి. మన ఇళ్లలో పరిచేది, దొడ్డి గోడలకు పేర్చేది అదే. పిడుగురాళ్లలో బట్టీలు పెట్టి కాల్చి సున్నం తీసేది, ఇటు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేది కూడా ఆ సున్నపురాయినే. మన రాళ్లను చూసి శ్రీనాథుడు వెక్కిరించాడని చాటువులు చెప్పుకుంటాం. ఆయన పెరటి తోట వేసి ఉంటే ఇంకో నాలుగు పద్యాలు చెప్పేవాడేమో. ఈ రాయి అరిగి మట్టిలో కలిసిన చోట నేలలో సున్నం ఎక్కువ. నేలలో సున్నం ఎక్కువైతే ఇనుము ఉన్నా మొక్కకు అందదు. మట్టిలో ఇనుము ఉంటుంది, వేరు దాన్ని తీసుకోలేదు. తాళం వేసిన గాదె ముందు ఆకలితో కూర్చున్నట్టు.

కొత్త కాలనీల్లో ఇంకో చిక్కు ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, ప్లాస్టరింగ్ రాలు, వెల్ల తుడిచిన నీళ్లు అన్నీ పెరట్లోనే పడతాయి. పైన రెండు తట్టల మట్టి పోసి అందులోనే మొక్క పెడతాం. అది సున్నం మీద సున్నం.

మీ పెరడు ఎలాంటిదో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. జానెడు లోతు తవ్వి గుప్పెడు మట్టి తీసి ఆరబెట్టండి. గాజు గ్లాసులో వేసి దాని మీద కొంచెం వెనిగర్ పోయండి. లేకపోతే నిమ్మకాయ పిండండి. బుసబుసమని నురగ వస్తే సున్నం బాగా ఉన్నట్టు. సన్నగా చిటపటమంటే కొంచెం ఉన్నట్టు. ఏమీ లేకపోతే మీ అదృష్టం. రెండు మూడు చోట్ల మట్టి తీసి చూడండి. ఒకే దొడ్లో ఈ మూలకీ ఆ మూలకీ తేడా ఉంటుంది.

ఇది చూశాక, "అయితే నేలంతా వెనిగర్ పోస్తే సరిపోతుందా?" అని అడుగుతారు. సరిపోదు. మట్టిలో సున్నం బస్తాల కొద్దీ ఉంటే మనం పోసేది సీసాడు. ఆ డబ్బుతో పశువుల ఎరువు కొనండి.

ఆకును చదవడం

పచ్చబడిన ఆకులన్నీ ఒకటి కాదు. మందు కొనే ముందు ఆకును పైకెత్తి వెలుతురులో చూడండి. చూడాల్సింది రెండే: పచ్చబడింది కొత్తాకా, పాతాకా? ఈనె రంగేంటి?

చిగురు దగ్గరి కొత్తాకులు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీసినట్టు కనబడితే అది ఇనుము లోపం. ముదిరితే చిగురాకు దాదాపు తెల్లబడుతుంది. మన దగ్గర నిమ్మ, గులాబీ, మందార, బెండ, నూరువరహాల మొక్కల్లో ఎక్కువగా కనబడేది ఇదే.

కింద ఉన్న ముదురాకులు ముందు పచ్చబడి, ఆకు మొత్తం ఒకే రంగులోకి వస్తూ, మొక్క ఎదగకుండా ఉంటే నత్రజని తక్కువైంది. దానికి ఎరువు, జీవామృతం పనిచేస్తాయి.

బెండలో ఇంకోటి ఉంది. ఈనెలు పసుపు రంగు తిరిగి వల లాగా అల్లుకుంటాయి, మధ్యలో మాత్రం ఆకుపచ్చగా ఉంటుంది. ఇనుము లోపానికి ఇది సరిగ్గా తలకిందులు. ఇది పల్లాకు తెగులు, వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. దీనికి మందు లేదు. మొక్కను పీకి దూరంగా పూడ్చేయాలి. ఒక్క మొక్క మీద జాలిపడితే పక్క మొక్కలన్నీ పోతాయి.

ఈ మూడింటికీ మనవాళ్లు చేసేది ఒకటే, యూరియా చల్లడం. రెండోదానికి తప్ప మిగతా రెంటికీ అది దండగ.

అన్నభేది, నిమ్మ ఉప్పు

ఇనుము లోపానికి వ్యవసాయ శాఖ చెప్పే మందు చాలా చవక. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము. ముందు నిమ్మ ఉప్పు కలిపి, తర్వాత అన్నభేది వేసి, బట్టలో వడకట్టి, చల్లబడ్డ సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. వారం పది రోజులకోసారి, రెండు మూడు సార్లు. కొత్త చిగురు ఆకుపచ్చగా వస్తే పనిచేసినట్టు. పాత ఆకు మళ్లీ మునుపట్లా కాదు, దానికోసం చూడకండి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. అన్నభేది లేత ఆకుపచ్చ రంగులో ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిపోతే అది పనికిరాదు. కలిపిన నీళ్లు రేపటికి దాచకండి. గచ్చు మీద, బట్టల మీద పడితే తుప్పు మరక పోదు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని మొదట్లో పోయొద్దు. సున్నపు నేలలో పోసిన ఇనుము కూడా ఆ తాళం వెనక్కే పోతుంది. ఆకుకే కొట్టాలి. ఆకుకూరల మీద మాత్రం ఇది వద్దు. కోసుకుని తినేది ఆ ఆకునే కదా.

ప్రకృతి వ్యవసాయం చేయించే అక్కలు దీన్ని అంతగా ఇష్టపడరు. నేలనే బాగుచేసుకోవాలి, పైపూత ఎందుకు అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. ఎరువు, ఆకు చెత్త, జీవామృతం పడిన నేలలో ఇనుము వేరుకు అందుతుంది. కానీ అది ఒకటి రెండు సీజన్ల పని. ఈలోపల నాలుగేళ్ల నిమ్మచెట్టు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోమని నేను చెప్పను. చెట్టుకు అన్నభేది, నేలకు ఎరువు, రెండూ చేయండి.

జీవామృతం ఎకరానికి చేసే కొలత అందరికీ తెలిసిందే. పెరటికి అంత అక్కర్లేదు. పది లీటర్ల నీటిలో ఆవు పేడ అర కిలో, మూత్రం అర లీటరు, బెల్లం 100 గ్రాములు, పప్పు పిండి 100 గ్రాములు, గట్టు మీది మట్టి చిటికెడు. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండు సార్లు కర్రతో కలపండి. పదిహేను రోజులకోసారి మొదళ్లలో పోయండి. ప్లాస్టిక్ బకెట్‌కు మూత బిగించొద్దు, గోనెపట్టా కప్పండి.

ఫోన్‌లో చూసిన చిట్కాలు

వీడియోల్లో చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల నేల వేరు, మన నేల వేరు. ఎర్రనేలల్లో, బాగా వానలు పడి పులుపెక్కిన నేలల్లో పనికొచ్చేది మన దగ్గర చేటు చేస్తుంది.

గుడ్డు పెంకుల పొడి వేయమంటారు. గుడ్డు పెంకు అంటే సున్నమే. నడికుడిలో నేలకు సున్నం వేయడం కృష్ణలో చెంబుతో నీళ్లు పోయడం లాంటిది. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లుతోందని దీన్ని వేస్తున్నారు. ఆ కుళ్లు కాల్షియం కాయకు చేరక వస్తుందన్నది నిజం. కానీ మన మట్టిలో కాల్షియానికి కొదవ లేదు. నాలుగు రోజులు ఎండబెట్టి ఐదో రోజు కుండలు కుండలు పోయడం వల్ల అది కాయదాకా వెళ్లడం లేదు. రోజు విడిచి రోజు ఒకే కొలతలో నీళ్లు పోయండి, మొదట్లో ఎండుగడ్డి కప్పండి. తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

పొయ్యి బూడిద కూడా అంతే. ఆకుల మీద పల్చగా చల్లితే పేనుబంక కొంత తగ్గుతుంది. మొదట్లో కుప్పలు పోస్తే నేల ఇంకా సున్నపు గుణంలోకి పోతుంది. మిగిలిన బూడిదను విత్తనాలు దాచుకోవడానికి వాడుకోండి.

నీళ్లు

బోరు నీళ్లు మరగబెడితే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం మీరు చూస్తూనే ఉంటారు. అదే పొర కుండీ అంచుల మీద కూడా కడుతుంది. వానాకాలంలో డాబా నీళ్లు డ్రమ్ములో పట్టుకుని కుండీలకు పోయండి. వాన నీటిలో సున్నం ఉండదు. మిగతా రోజుల్లో నెలకోసారైనా కుండీ అడుగు నుంచి బాగా కారేలా నీళ్లు పోసి ఆ ఉప్పును కడిగేయాలి.

తాగునీటి ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా అవుతున్నాయని కుండీలకు పోస్తున్నవాళ్లున్నారు. ఆ నీటిలో ఉప్పులు మామూలు బోరు నీటికంటే ఎక్కువ. వాకిలి కడగడానికి, బాత్రూముకు వాడండి, మొక్కలకు వద్దు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు మంచివి. సర్ఫు నీళ్లు పోయకండి.

నీళ్లు ఎక్కువైనా మన నేలలో ఆకు పచ్చబడుతుంది. నల్లమట్టి నీటిని పట్టి ఉంచుతుంది, వేరుకు గాలి ఆడదు, ఇనుము ఇంకా దూరమవుతుంది. అందుకే మడిని చుట్టుపక్కల కంటే జానెడు ఎత్తు చేయండి. మట్టి, చివికిన ఎరువు సమంగా కలిపి, జిగురు నేలైతే కొంచెం ఇసుక కూడా వేయండి.

డాబా మీద పెంచేవాళ్లు బరువు చూసుకోవాలి. తడిసిన మట్టితో నిండిన 20 లీటర్ల బకెట్ 30 కిలోలు దాటుతుంది. బకెట్లన్నీ స్లాబు నడిమధ్యలో పేర్చకండి, కింద గోడలు, దూలాలు ఉన్న చోట పెట్టండి.

ఇక్కడ ఏవి వస్తాయి, ఏవి ఏడిపిస్తాయి

గోంగూర, తోటకూర, గోరుచిక్కుడు, వంగ, బీర మన నేలతో పెద్దగా పేచీ పెట్టవు. మునగలో పీకేఎం-1 రకం విత్తనంతో వస్తుంది, ఏడాదిలోపే కాస్తుంది. కాయ కోసమే కాదు, ఆకు కోసం వేయండి. ఛాతీ ఎత్తులో తుంచుతూ ఉంటే ఎప్పుడూ చేతికందే ఆకు ఉంటుంది. చెట్లలో సీతాఫలం, దానిమ్మ, రేగు, ఉసిరి సున్నాన్ని ఓర్చుకుంటాయి. నిమ్మ కావాలంటే రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కట్టిన అంటు అడిగి తీసుకోండి, అది ఇలాంటి నేలలకు మెరుగు.

ఇంటి ముందు అందానికి నూరువరహాలు వరుసగా వేసి, అవి పచ్చబడితే బాధపడుతున్నారు. ఆ చోట నందివర్ధనం, కాగితపు పూలు, బిళ్లగన్నేరు వేసుకోండి. ఎర్ర గన్నేరు కూడా బాగా వస్తుంది కానీ దానిలో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పసిపిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో వద్దు.

కాలం విషయానికొస్తే, మనకు పొరుగున ఉన్న రెంటచింతల రాష్ట్రంలోనే ఎండలకు పేరున్న ఊరు. ఏప్రిల్, మే నెలల్లో టమాటా పూత రాలిపోతుంది, అది రోగం కాదు, వేడి. ఆ రెండు నెలలు తోటకూర, గోంగూరతో సరిపెట్టుకుని, పాత చీర పందిరి కట్టండి. జూన్, జులైలో తొలకరికి బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర వేయాలి. చిక్కుడు పాదు జులై, ఆగస్టులో పెడితే చలికాలంలో విరగకాస్తుంది. దాన్ని ఎంత ముందు పెట్టినా పొద్దు తగ్గేదాకా పూయదు. పాలకూర, మెంతి, కొత్తిమీర అక్టోబరు తర్వాత.

విత్తనాలు ఒకరికొకరు ఇచ్చుకునే అలవాటు మన వీధుల్లో ఇంకా ఉంది. నాటు బీర, నాటు చిక్కుడు, గోంగూర గింజలు అలా తిరగడం మంచిదే. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ మాత్రం తల్లిలా రాదు, అది ఇచ్చి పక్కింటివాళ్లతో మాటపడకండి.

పొలం మందు పెరట్లోకి రాకూడదు

ఈ పీడీఎఫ్‌లో ఇంకేం గుర్తున్నా లేకున్నా ఇది గుర్తుంచుకోండి.

మన ఇళ్లలో చాలామంది మిరప చేలల్లో పనికి వెళ్తారు. నల్ల తామర పురుగు వచ్చిన దగ్గర్నుంచి మిరప మీద కొట్టే మందులు పెరిగాయి. డబ్బాలో అడుగున మిగిలిన మందును ఇంటికి తెచ్చి వంగ మీద, బెండ మీద కొడుతున్నారు. పొలంలో కొట్టిన మందుకు, కోతకు మధ్య ఆగాల్సిన రోజులు ఉంటాయి. పెరట్లో ఆగేదెవరు? పొద్దున కొట్టి, సాయంత్రం కోసి, రాత్రి పిల్లలకు వండిపెడతాం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. అయినా దాని వాసన ఇళ్ల మధ్య వస్తూనే ఉండేది.

పొలం స్ప్రేయర్ కూడా వద్దు. కలుపు మందు కొట్టిన ట్యాంకు ఎంత కడిగినా కొంత మిగులుతుంది. ఆ కొంచానికే టమాటా, బెండ ఆకులు మెలితిరిగిపోతాయి. పురుగుమందు డబ్బాను కోసి కుండీ చేయకండి, మగ్గుగా వాడకండి. ఎవరికైనా మందు వల్ల తల తిరుగుడు, వాంతులు, చూపు మసకబారడం ఉంటే ఇంటి వైద్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి, డబ్బా లేదా దాని మీది చీటీ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెరటికి సరిపోయేవి ఇవి. వేప గింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టండి. ఆకు తినే పురుగులకు, పేనుబంకకు పనిచేస్తుంది. వేప పండ్లు జూన్, జులైలో మన రోడ్ల పక్కనే రాలుతాయి, అప్పుడే ఏరి నీడలో ఆరబెట్టి దాచండి. మందార మీద పిండినల్లికి లీటరు నీటికి 5 గ్రాముల సబ్బు కలిపి గట్టిగా తగిలేలా కొడితే చాలు. ముదిరితే ఆ కొమ్మ కోసి కాల్చేయండి. బీర, కాకర, సొర కాయల్లో పండు ఈగ పడితే కుళ్లిన కాయలను చెత్తలో పారేయకండి. లోతుగా గుంట తీసి పూడ్చండి. పైన పడేస్తే వాటిలోంచే మళ్లీ ఈగలు లేస్తాయి.

కోతులకు మాత్రం నా దగ్గర చిట్కా లేదు. వల కట్టినవాళ్లకు కొంత దక్కుతోంది.

కోసుకున్నాక

ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. మునగాకు పప్పులో నిమ్మకాయ పిండుకోండి, తోటకూరలో టమాటా వేయండి. గోంగూరకు ఆ అవసరం లేదు, పులుపు దానిలోనే ఉంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టకుండా పోతుంది, గంట ఆగండి. గర్భిణులు, ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఇచ్చినవాళ్లు ఆకుకూర తింటున్నాం కదా అని మాత్రలు మానొద్దు.

ఎవరిని అడగాలి

నడికుడి నగర పంచాయతీలోకి వస్తుంది కాబట్టి మీ పొదుపు సంఘం మెప్మా కింద ఉంటుంది. ముందు మీ సంఘం లీడర్‌కు పేరు చెప్పండి. పల్లెల్లో ఉన్నవాళ్లు గ్రామ సంఘంలో చెప్పండి, ప్రకృతి వ్యవసాయ సిబ్బంది సమావేశాలకు అక్కడికే వస్తారు. మొక్కల తెగుళ్ల గురించి రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులను అడగొచ్చు. సలహాకు రుసుము లేదు. పెరటి తోట పేరు చెప్పి ఎవరైనా డబ్బులడిగితే, ఆధార్ నంబరు, ఓటీపీ ఫోన్‌లో చెప్పమంటే చెప్పకండి. వార్డు సచివాలయంలో కనుక్కోండి.

వెళ్లేటప్పుడు ఊరికే "ఆకు పచ్చబడింది" అని చెబితే వాళ్లకూ తెలియదు. ఒక చిగురు కొమ్మ, అదే మొక్కవి రెండు ముదురాకులు, గుప్పెడు పొడి మట్టి విడివిడిగా కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే దారిలోనే ఉడికిపోయి రంగు మారుతుంది. ఏ నీళ్లు పోస్తున్నారో, చివరిసారి ఏం వేశారో చెప్పండి. యూరియా వేసి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు.